ఓపికకీ ఓర్పుకీ మధ్య

తెలుగులో 'ఓపిక' అనే మాటకి రెండు అర్థాలున్నాయి. "ఇవాళ నాకు ఓపిక లేదు" అంటే ఒంట్లో శక్తి లేదని. "కాస్త ఓపిక పట్టు" అంటే సహించమని. 'ఓర్పు'కి మాత్రం ఆ మొదటి అర్థం లేదు. "నాకు ఓర్పు లేదు" అని చెప్పి ఎవరూ నడుం వాల్చరు. ఓపిక తరిగిపోతుంది. తిండీ నిద్రా దొరికితే మళ్ళీ వస్తుంది. దానికో లెక్క ఉంది. ఓర్పుకి లెక్క లేదు, అది తరగనిదని మనల్ని నమ్మించారు. అందుకే దానికి భూమితో పోలిక. భార్యకుండాల్సిన గుణాలు ఏకరువు పెట్టే పాత శ్లోకంలోనూ అదే పోలిక. మన ఇళ్ళలో పెద్దవాళ్ళ నోట వినిపించే "భూదేవంత ఓర్పు"లోనూ అదే పోలిక.

ఈ రెండు మాటల తేడా నన్ను నిలదీసిన సందర్భం ఒకటుంది. 2023లో నేను గోవాలో ఒక ట్రయాథ్లాన్ పూర్తి చేశాను. ఈదడం, సైకిల్ తొక్కడం, పరుగెత్తడం, ఈ మూడూ ఒకదాని వెంట ఒకటి గడియారం ఆగకుండా చెయ్యాల్సిన పోటీ ఇది. ఒలింపిక్స్‌లో ఈ దూరాలు 1.5, 40, 10 కిలోమీటర్లు. హవాయిలో 1978లో మొదలైన ఐరన్‌మ్యాన్ పోటీలో 3.8, 180, 42.2 కిలోమీటర్లు. గోవాలో 2019లో మొదటిసారి జరిగిన పోటీ అందులో సగం: సముద్రంలో 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, 21.1 కిలోమీటర్ల పరుగు. అంతా ఎనిమిదిన్నర గంటల్లో ముగించాలి. నాకు 7 గంటల 52 నిమిషాలు పట్టింది. గెలుపు ప్రసక్తే లేదు. నాలాంటి వాళ్ళం ఉద్యోగాలు చేసుకుంటూ తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి సాధన చేసే ఔత్సాహికులం.

పోటీ చివర తీసిన ఫోటో చూసి మా పిన్ని మురిసిపోయింది. "అచ్చం మీ మేనత్తేనే! ఆవిడ ఓర్పంతా నీకే వచ్చింది" అంది.

మా మేనత్త యాభై రెండో ఏట గర్భాశయ కేన్సర్‌తో పోయింది. కడుపులో నొప్పి అని, రక్తస్రావం అని దాదాపు ఏడాది పాటు ఎవరికీ చెప్పలేదు. ఆ ఏడాది ఆ ఇంట్లో ఒక పెళ్ళి జరిగింది, ఒక ప్రసవం జరిగింది, మామగారికి పక్షవాతం వచ్చింది. అన్నీ ఆవిడ చేతుల మీదే గడిచాయి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేసరికి చెయ్యగలిగింది పెద్దగా మిగల్లేదు. పెద్దకర్మ రోజు భోజనాల దగ్గర ప్రతి ఒక్కరూ ఆవిడ ఓర్పు గురించే మాట్లాడారు. "ఒక్కసారి కూడా అబ్బా అనలేదు" అని మా మామయ్య గర్వంగా చెప్పాడు.

ఆ మాటే ఇప్పుడు నాకు పతకంలా వచ్చింది. పిన్ని ప్రేమగానే అంది, అందులో అనుమానం లేదు. కానీ ఎనిమిది గంటల సేపు సముద్రంలోనూ ఎండలోనూ నేను చేసిన పనీ, ఏడాది పాటు మేనత్త చేసిన పనీ ఒకటేనా? రెండింటికీ ఒకే మెచ్చుకోలు సరిపోతుందా? అసలు ఓర్పు సుగుణమేనా? అయితే ఎవరికి, ఏ పరిస్థితుల్లో? సాహిత్య విద్యార్థినిగా మాటల మీద నాకున్న అనుమానం ఇక్కడ నీతిశాస్త్రంలోకి దారి తీసింది.

*

స్త్రీల అలసట గురించి లోకం రెండు నాలుకలతో మాట్లాడింది. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మొదటిసారి స్త్రీలకు 800 మీటర్ల పరుగు పెట్టారు. ఫైనల్లో తొమ్మిది మంది పరుగెత్తారు. జర్మనీకి చెందిన లీనా రాద్కే 2 నిమిషాల 16.8 సెకన్లలో గెలిచింది. జపాన్‌కి చెందిన హితోమి కినూఎ రెండో స్థానంలో నిలిచింది. పందెం అయ్యాక కొందరు మైదానంలో కూలబడ్డారు. ఇలాంటి పందెం తర్వాత మగవాళ్ళూ కూలబడతారు. పత్రికలు మాత్రం సగానికి సగం మంది సొమ్మసిల్లి పడిపోయారన్నట్టు రాశాయి. ఆనాటి ఫిల్ము చూస్తే అలాంటిదేమీ కనబడదు. అయినా ఆ కథే నిలబడింది. 1960 రోమ్ ఒలింపిక్స్ వరకు, అంటే 32 ఏళ్ళ పాటు, 200 మీటర్లు దాటిన పరుగు పందెం స్త్రీలకు ఒలింపిక్స్‌లో లేకుండా పోయింది. స్త్రీల మారథాన్ 1984 దాకా రాలేదు.

ఆ 1928లోనే మన దేశంలో అమల్లో ఉన్న ఫ్యాక్టరీ చట్టం రోజుకి 11 గంటలు, వారానికి 60 గంటల దాకా పని చేయించుకోవచ్చునంది. బొంబాయి బట్టల మిల్లుల్లో నూలు చుట్టే విభాగాల్లో వేలమంది స్త్రీలు పనిచేస్తున్నారు. మిల్లు వదిలాక వాళ్ళకి పొయ్యి, బావి, పిల్లలు. రెండు నిమిషాల పరుగుతో స్త్రీ శరీరం పాడైపోతుందని బెంగపెట్టుకున్న లోకానికి 11 గంటల నిలువుకాళ్ళ పని చూస్తే అంత బెంగ కలగలేదు. స్త్రీ అలసిపోవడం ఎవరికీ సమస్య కాదన్నమాట. తన కోసం, తన ఇష్టంతో, నలుగురూ చూస్తుండగా అలసిపోవడమే సమస్య.

ట్రయాథ్లాన్ ఆలస్యంగా పుట్టిన ఆట కాబట్టి ఈ సందేహాలు కొన్నింటిని తప్పించుకుంది. మొదటి ఐరన్‌మ్యాన్‌లో దిగిన 15 మందీ మగవాళ్ళే. మరుసటి ఏడాదే లిన్ లెమెయిర్ అనే ఒక్క స్త్రీ దిగి పూర్తి చేసింది. ఒలింపిక్స్‌లోకి ఈ ఆట 2000లో సిడ్నీలో వచ్చింది. అక్కడ ముందు జరిగింది స్త్రీల పోటీయే. స్విట్జర్లాండ్‌కి చెందిన బ్రిగిట్ మెక్‌మాన్ గెలిచింది. స్త్రీలకీ పురుషులకీ దూరాలు ఒకటే.

కానీ నియమాల పుస్తకంలో సమానమైన దూరం మన వీధుల్లో సమానం కాదు. నేను ముప్ఫై ఒకటో ఏట ఈత నేర్చుకున్నాను. మేం వెళ్ళిన కొలనులో ఆడవాళ్ళకి కేటాయించిన సమయం మధ్యాహ్నం పదకొండు నుంచి పన్నెండు. ఉద్యోగం చేసే స్త్రీకి, బడి నుంచి పిల్లల్ని తెచ్చుకునే స్త్రీకి ఎవరికీ పనికిరాని గంట అది. నీళ్ళలో నా చేతులు పూర్తిగా చాచడం రావడానికి నెలలు పట్టింది. ఐరిస్ మేరియన్ యంగ్ 1980లో ప్రచురించిన 'త్రోయింగ్ లైక్ ఎ గర్ల్' వ్యాసం మనలో చాలామంది క్లాసుల్లో చదివాం, చెప్పాం. ఆడపిల్ల శరీరం తన చుట్టూ ఉన్న స్థలాన్నంతా వాడుకోకుండా, ఒక గీత లోపల మసలడం నేర్చుకుంటుందని, 'చెయ్యగలను' అన్న ఉద్దేశాన్ని 'చెయ్యలేనేమో' అన్న సంకోచం లోపలి నుంచే పట్టి ఉంచుతుందని ఆవిడ వాదన. ఆ వ్యాసం మీద నేను సెమినార్ పత్రం సమర్పించాను కూడా. అది ఎంత నిజమో నా భుజాలకి తెలిసింది మాత్రం కొలనులో, "చెయ్యి చాచండి మేడమ్, ఎవరికీ తగలదు" అని కోచ్ రోజూ అరుస్తుంటేనే.

*

గోవాలో ఆ రోజు అలలు పెద్దవి కావు. అయినా కొలనులో ఈదినవాళ్ళకి సముద్రం వేరు. అడుగు కనబడదు, గోడ ఉండదు. తెలుపు, నారింజ రంగు బోయాలు చూసుకుంటూ పోవాలి. కిలోమీటరు దాటాక ఒక అల మీద ఊపిరి తీసుకోబోయి ఉప్పునీళ్ళు మింగాను. దగ్గు ఆగలేదు. గుండె దడ మొదలైంది. అక్కడక్కడా కయాక్‌ల మీద సహాయకులు ఉంటారు. దగ్గర్లో ఉన్న కయాక్ వైపు వెళ్ళి దాని ముక్కు పట్టుకున్నాను.

ట్రయాథ్లాన్ నియమాల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. ఈదేటప్పుడు పడవనో బోయానో పట్టుకుని ఆగి సేదదీరొచ్చు. దాన్ని ఆసరా చేసుకుని ముందుకి కదలకూడదు, అంతే. చెయ్యి పైకెత్తితే చాలు, పడవ వస్తుంది. పట్టుకున్నందుకు సమయం కోత లేదు, శిక్ష లేదు, ఎవరూ రాసుకోరు. ఇక చాలనుకుంటే ఆ పడవే ఒడ్డుకి తీసుకెళ్తుంది. ఫలితాల పట్టికలో పేరు పక్కన 'డీఎన్ఎఫ్', అంటే పూర్తి చెయ్యలేదు, అని మూడక్షరాలు పడతాయి. ఆ పట్టికలో అలాంటి పేర్లు ఎప్పుడూ కొన్ని ఉంటాయి. మెకానిక్‌లు, డాక్టర్లు, చివర్లో వచ్చే వాహనం, ప్రతి కొన్ని కిలోమీటర్లకీ నీళ్ళూ అరటిపళ్ళూ పెట్టిన బల్లలు, ఇదంతా ఆగిపోబోయేవాళ్ళని దృష్టిలో పెట్టుకుని కట్టిన వ్యవస్థ.

కయాక్ మీది కుర్రాడు "తొందరేం లేదు" అన్నాడు. ఒక నిమిషం, నిమిషంన్నర పట్టుకుని ఉన్నాను. దగ్గు తగ్గింది. వదిలి ఈదాను. 58 నిమిషాల్లో ఒడ్డుకి చేరాను.

పరుగులో పదిహేనో కిలోమీటరు దగ్గర, కాళ్ళు మాట వినని దశలో, ఆ నిమిషంన్నర నాకు గుర్తొచ్చింది. నేను ముందుకు పోతున్నది నాలో తరగని గుణమేదో ఉండటం వల్ల కాదు. ఏ క్షణంలోనైనా ఆగిపోవచ్చు, ఆగితే ఎవరి అన్నమూ ఆగదు, ఎవరూ నన్ను చెడ్డదానివనరు. ఆ సంగతి తెలిసి మరో కిలోమీటరు ఎంచుకుంటున్నాను. ప్రతి నీళ్ళ బల్ల దగ్గరా ఆ ప్రశ్న మళ్ళీ నా ముందుకొస్తోంది, ప్రతిసారీ నేనే జవాబు చెప్తున్నాను. ఇది ఓపిక. ఖర్చవుతోంది, ఎంత మిగిలిందో చూసుకుంటున్నాను, తింటున్నాను, తాగుతున్నాను. మా మేనత్తకి పడవ లేదు. ఆవిడ ముందు ఎవరూ ఆ ప్రశ్న పెట్టలేదు.

*

అరిస్టాటిల్ నికొమాకియన్ ఎథిక్స్ మూడో భాగం మొదట్లోనే ఒక విషయం తేల్చి చెప్తాడు. మెచ్చుకోలైనా నింద అయినా మనిషి తన ఇష్టపూర్వకంగా చేసిన పనులకే వర్తిస్తాయి. బలవంతంగా జరిగినవాటికి మన్నింపు, ఒక్కోసారి జాలి వర్తిస్తాయి. ఆ వెంటనే ఒక చిక్కు ఉదాహరణ ఇస్తాడు. తుఫానులో చిక్కిన ఓడలోంచి సరుకు సముద్రంలో పారేస్తారు. ఉత్త పుణ్యానికి ఎవరూ తమ సరుకు పారేసుకోరు. ప్రాణాలు దక్కించుకోవడానికి బుద్ధున్న ఎవరైనా పారేస్తారు. అది ఇష్టమా, బలవంతమా? అలాంటివి మిశ్రమ చర్యలు అంటాడు.

మా మేనత్త పని ఆ మిశ్రమ కోవలోది. ఆవిడ చేతులు కట్టేసి ఎవరూ నోరు నొక్కలేదు. ఆ ఇల్లు మునిగిపోకుండా ఉండాలంటే ఏదో ఒకటి పారెయ్యాలని ఆవిడకనిపించింది. పారేసింది తన శరీరాన్ని. ఆ లెక్క ఆవిడే వేసుకుంది, అందులో తెలివీ ఉంది, ప్రేమా ఉంది. దాన్ని ఉత్త బానిసత్వం అనేస్తే ఆవిడని రెండోసారి నోరు లేనిదాన్ని చేసినట్టవుతుంది. స్త్రీవాదం పేరుతో మనం చేసే విశ్లేషణల్లో ఒక్కోసారి ఆ ప్రమాదం ఉంది. కష్టపడిన స్త్రీకి మనం బాధితురాలన్న పేరొక్కటే మిగులుస్తాం. అందుకే ఆవిడ చేసింది సుగుణమా కాదా అని తీర్పు చెప్పడానికి నేను సిద్ధంగా లేను. నా ప్రశ్న మెచ్చుకునేవాళ్ళకి. తుఫాను ఎవరిది? ఓడలో ఇంకా పారెయ్యదగ్గ సరుకు ఏమేముండింది? పెళ్ళి ఆర్భాటం కొంత పారెయ్యొచ్చు. మా మామయ్య తన తండ్రికి స్నానం తనే చేయించొచ్చు. అవేవీ కదలకుండా ఓడ ఒడ్డుకి చేరింది, చేరినవాళ్ళందరూ మునిగిపోయిన మనిషి ఓర్పుని పొగిడారు. ఓర్పు వల్ల లాభం పొందినవాళ్ళు ఓర్పుని మెచ్చుకోవడంలో నీతికి సంబంధించిన లోపం ఒకటి ఉంది. ఆ మెచ్చుకోలు వెనకటి అప్పు కొట్టేసి, తర్వాతి తరం ఆడపిల్లకి కొత్త అప్పు రాస్తుంది. ఫోటోలో నన్ను చూసి పిన్నికి మేనత్త గుర్తొచ్చిందంటే ఆ పద్దు ఇంకా నడుస్తోందన్నమాట.

ఇక్కడ నా స్థితి గురించి కూడా చెప్పాలి. సైకిలు, బూట్లు, పోటీ రుసుము, గోవా ప్రయాణం, అన్నీ కలిపితే ఒక చిన్న కుటుంబం ఏడాది ఖర్చు. డబ్బు కంటే అరుదైనది సమయం. 2024 జాతీయ సమయ వినియోగ సర్వేలో ఇంటిపనిలో పాల్గొన్న స్త్రీలు రోజుకి సగటున 289 నిమిషాలు, పాల్గొన్న పురుషులు 88 నిమిషాలు జీతం లేని ఇంటి చాకిరీకి వెచ్చించారని తేలింది. ఆదివారం పొద్దున నేను నాలుగు గంటలు సైకిలు తొక్కాలంటే ఆ 289 నిమిషాల్లోంచి ఎవరో కొన్ని మొయ్యాలి. మా ఇంట్లో నా భర్త మోస్తాడు, ఒక వంటమనిషి మోస్తుంది. ఆవిడకి మేం జీతం ఇస్తాం, ఆదివారం సెలవు కూడా ఇస్తాం. అయినా నా ఓపికలో ఆవిడ ఓపిక కొంత కలిసి ఉందన్న సంగతి మారదు.

ఎంచుకున్న కష్టం వల్ల ఎంచుకోని కష్టం అర్థమవుతుందని కూడా నేననను. సిమోన్ వెయిల్ తత్వశాస్త్రం చెప్పే ఉద్యోగానికి సెలవు పెట్టి 1934 డిసెంబరు నుంచి 1935 ఆగస్టు దాకా పారిస్ ఫ్యాక్టరీల్లో కూలికి పనిచేసింది. అంత నిజాయితీగా చేసిన ప్రయోగంలో కూడా పక్క యంత్రం దగ్గరి మనిషికి లేనిది ఒకటి ఆవిడకి ఉంది, తిరిగి వెళ్ళడానికి ఒక బడి. నాదైతే ఒక్క రోజు ఆట. దాన్ని శ్రామిక స్త్రీల అనుభవంతో పోల్చుకుంటే నవ్వులపాలవుతాను. అయితే పోలిక కుదరకపోవడమే నాకు పనికొచ్చింది. ఎక్కడ కుదరలేదో చూస్తే లేనిదేమిటో కనబడింది.

ఆ లేనిదాన్ని నాకంటే ముందు కనిపెట్టింది మా అపార్ట్‌మెంట్‌లో మెట్లు తుడిచే ఆవిడ. పతకం చూసి అడిగింది. "అంత దూరం ఉరికితే పైసలిస్తరా అక్కా?"

"ఇవ్వరమ్మా, మనమే కట్టాలి."

"నడుమల చాతగాక ఆగితే?"

"ఏం కాదు. బండిలో ఎక్కించుకుని తీసుకొస్తారు. డాక్టరు చూస్తాడు."

కొంచెంసేపు ఆలోచించింది. "మంచిగుంది. మాకు ఒక్కపూట ఆగితే పైసలు కోస్తరు" అంది. నేను డబ్బు కట్టి మరీ అలసిపోవడం ఆవిడకి వింతగా అనిపించలేదు. బండి సంగతే ఆవిడకి నచ్చింది.

*

నేనిష్టపడే ఈ ఆటలో కూడా ఓర్పు మత్తు ఉంది, అది దాచనక్కర్లేదు. 1982 ఫిబ్రవరిలో హవాయిలో జూలీ మాస్ అనే విద్యార్థిని తన పరిశోధన కోసం ఐరన్‌మ్యాన్‌లో దిగింది. చివరి దాకా ముందుంది. గీత దగ్గరపడుతుండగా శరీరం కూలిపోయింది. లేచింది, పడింది, చివరికి పాకుతూ చేరింది. ఆలోపు కాథ్లీన్ మెకార్ట్‌నీ దాటిపోయి 29 సెకన్ల తేడాతో గెలిచింది. టీవీలో ప్రసారమైన ఆ దృశ్యమే ఈ ఆటకి ప్రపంచవ్యాప్తంగా పేరు తెచ్చింది. చూసిన ప్రతిసారీ నాకూ గొంతు పూడుకుపోతుంది. వెంటనే ఒక అనుమానమూ వస్తుంది. పాకే ఆడమనిషిని చూసి మనకెందుకు ఇంత ఆనందం? గెలిచిన మెకార్ట్‌నీ పేరు ఎంతమందికి గుర్తుంది? శరీరం వద్దన్నా ఆగని స్త్రీని ఆదర్శం చేసి, మళ్ళీ మనల్ని ఆ భూదేవి పోలికలోకే, ఈసారి పరుగు బూట్లు తొడిగి, పంపిస్తున్నారేమో. 'నొప్పి తాత్కాలికం' లాంటి నినాదాలు చొక్కాల మీద అచ్చేసుకునే ఆటలో ఆ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. జూలీ మాస్ పాకడం ఆవిడ హక్కు. ఆగి అంబులెన్స్ ఎక్కినా అది అంతే హక్కు. ఎక్కి ఉంటే మనం ఆవిడ పేరు గుర్తుపెట్టుకునేవాళ్ళమా అన్నదే మన విలువలకి పరీక్ష.

ఆగిపోవడం ఓటమి కాదని చెప్పడానికి మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. ఇంగ్లిష్ ఛానెల్ ఈదిన మొదటి ఆసియా స్త్రీ ఆరతీ సాహా. 1959 ఆగస్టులో ఆవిడ మొదటి ప్రయత్నం ఇంగ్లండు తీరానికి కొద్ది మైళ్ళ దూరంలో, ఎదురు ప్రవాహం వల్ల ఆపెయ్యాల్సి వచ్చింది. అప్పటికి పద్నాలుగు గంటలకు పైగా నీళ్ళలో ఉంది. నెల తిరిగాక సెప్టెంబరు 29న మళ్ళీ దిగి 16 గంటల 20 నిమిషాల్లో దాటింది. మొదటిసారి పడవ ఎక్కగలిగింది కాబట్టే రెండోసారి ఈదడానికి మనిషి మిగిలింది.

మన సాహిత్యంలోనూ వెతికితే, ఓర్పుకి నిలువెత్తు రూపంగా చూపించే సీత కథ ఎలా ముగుస్తుంది? అగ్నిపరీక్ష ఒకసారి అయింది. అడవి అయింది. పిల్లల్ని ఒంటరిగా పెంచడం అయింది. అప్పుడు నిండు సభలో మళ్ళీ ఒకసారి పవిత్రత నిరూపించుకోమన్నారు. సీత ఆ పోటీలోంచి తప్పుకుంది. ఆవిడకి చోటిచ్చింది, ఇన్నాళ్ళూ ఓర్పుకి పోలికగా చెప్పిన ఆ భూమే. అదీ చీలిపోయింది. ఇంతకాలం ఈ కథని విషాదంగా చదువుకున్నాం. విముక్తిగా చదివిన రచయిత్రులు మనలో ఉన్నారు. నాకిప్పుడు అందులో ఇంకో సంగతి కూడా కనబడుతోంది. బతికుండగా ఆగడానికి ఆవిడకి నేల మీద చోటు లేకపోయింది, నేల కిందికి పోవాల్సి వచ్చింది. తప్పుకునే దారి అంటే చావొక్కటే అయినచోట ఓర్పుని సుగుణమనడానికి మనకి నోరెలా వస్తుంది?

*

ఇది పురాణంతో ఆగిపోయే ప్రశ్న కాదు. మహారాష్ట్రలోని బీడ్ జిల్లా నుంచి ఏటా చెరకు కోతకి వలసపోయే భార్యాభర్తలని ఒక జంటగా, ఒకే 'కోయితా' లెక్కన కట్టుకుంటారు. కోయితా అంటే కత్తి. ముందే బయానా ఇస్తారు. ఒక రోజు పని మానితే జరిమానా. నెలసరి నొప్పికి, రక్తస్రావానికి సెలవు లేదు. 2019లో రాష్ట్ర ప్రభుత్వం వేసిన కమిటీ ఆ జిల్లాలో 82 వేలకు పైగా కోత స్త్రీలని సర్వే చేస్తే, 13 వేలకు పైగా గర్భసంచి తీయించుకున్నవాళ్ళని తేలింది. వాళ్ళలో చాలామంది వయసు నలభై దాటలేదు. మనం పక్క రాష్ట్రం గురించి మాట్లాడుతున్నామని ఊరట పడక్కర్లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీసేసినవాళ్ళు దేశంలో 3.3 శాతం అయితే, ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 8 శాతం పైనే. కారణాలు చోటుని బట్టి వేరు. కానీ ఆగడానికి వీల్లేని శరీరం ఆగమని చెప్పే అవయవాన్నే వదులుకోవడం బీడ్‌లో జరిగింది. ఆ స్త్రీల ఓర్పుని ఎవరైనా పొగిడితే అది నేరానికి సాక్ష్యం చెరిపేయడమే.

దీనికి ఎదురుగా పెట్టుకోవాల్సింది కోళికోడ్ నగరంలో మిఠాయి తెరువు దుకాణాల్లో పనిచేసిన స్త్రీల పోరాటం. పది పన్నెండు గంటలు నిలబడి బట్టలమ్మే వాళ్ళకి కూర్చోవడానికి వీల్లేదు. మూత్రవిసర్జనకి చోటు లేక పగలంతా నీళ్ళు తాగడం మానేసేవాళ్ళు. విజి అనే దర్జీ స్త్రీ వాళ్ళని కూడగట్టి 'పెన్‌కూట్టు' అనే సంఘం కట్టింది. మొదట మూత్రశాలల కోసం, తర్వాత కూర్చునే హక్కు కోసం ఏళ్ళ తరబడి పోరాడారు. 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల చట్టాన్ని సవరించి కూర్చునే వసతి తప్పనిసరి చేసింది. 2021లో తమిళనాడు అదే దారి పట్టింది. ట్రయాథ్లాన్‌లో మాకు ఇరవై నిమిషాలకోసారి నీళ్ళు తాగమని ముందే పాఠం చెప్తారు. ఆ స్త్రీలు నీళ్ళు తాగే హక్కు కోసం సంఘం కట్టుకోవాల్సి వచ్చింది. నాకు వాళ్ళలో నచ్చింది ఇది: 'మేం ఎంతైనా ఓర్చుకోగలం' అని వాళ్ళు గొప్పగా చెప్పుకోలేదు, ఒక స్టూలు అడిగారు.

స్త్రీల బలాన్ని కీర్తించడం మన పత్రికలకీ, మన సభలకీ అలవాటే, నేనూ అందులో భాగమే. నా ఫోటో కూడా మా విశ్వవిద్యాలయం మహిళా దినోత్సవం నోటీసు బోర్డు మీద కెక్కింది. కింద 'ఓర్పుకి మారుపేరు' అని రాశారు. ఆ మాట కొట్టేసి దూరాలూ సమయమూ రాయమని అడిగాను. రాశారు. పిన్నికి కూడా ఫోన్ చేసి చెప్పాను. "అత్తయ్యకీ నాకూ పోలిక పెట్టకు పిన్నీ. నేను మధ్యలో ఆగి పడవ పట్టుకున్నాను" అన్నాను. పిన్ని కాసేపు మాట్లాడలేదు. తర్వాత తన మోకాళ్ళ నొప్పి గురించి చెప్పడం మొదలుపెట్టింది. రెండేళ్ళుగా ఉందట. నేను వినడం అదే మొదటిసారి. ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్ళాం.

హైదరాబాదులోనైనా విజయవాడలోనైనా ఈసారి చీరలు కొనడానికి వెళ్ళినప్పుడు చూడండి. మనకి పరుపుల మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, చీర తర్వాత చీర విప్పి చూపించే అమ్మాయి పొద్దుటి నుంచి నిలబడే ఉంటుంది. ఆమె వెనక స్టూలు ఉందో లేదో చూడండి. లేకపోతే బిల్లు కట్టేముందు ఆ సంగతి దుకాణం యజమానిని అడగండి, ఆ అమ్మాయి పేరు రాకుండా.